తొలి టూర్ ద ఫ్రాన్స్ ఫలితాల పట్టికను చదవడం ఎలా

1903 జులైలో జరిగిన తొలి టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెం గురించి వెతికేవారికి ముందుగా ఎదురయ్యేది ఒక చిన్న పట్టిక. అందులో ఆరు దశలు, ఆరు దూరాలు, దశల విజేతల పేర్లు, వాటి కింద విజేత మోరిస్ గారిన్ పేరుకు ఎదురుగా 94 గంటల 33 నిమిషాల 14 సెకన్లు అన్న మొత్తం సమయం ఉంటాయి. చూడటానికి అది ఇప్పటి పట్టికలాగే ఉంటుంది కాబట్టి ఇప్పటి పందేన్ని చదివినట్టే చదివేస్తాం. పొరపాటు అక్కడే మొదలవుతుంది. ఆ దూరాలకూ సమయాలకూ స్థానాలకూ అర్థం చెప్పేవి ఆనాటి నిబంధనలు, ఆ నిబంధనలు పుట్టింది ఒక పత్రిక అవసరాల నుంచి. అందుచేత పట్టికను చివరికి ఉంచుకొని పత్రిక, పటం, గడియారం, నిబంధనలు అనే వరుసలో వెళ్లడం మంచిది. ఇందుకు కావలసినవి ఫ్రాన్స్ రోడ్ల పటం, కాగితం, కలం, కాసిని కూడికలూ భాగహారాలూ చేసే ఓపిక.

పత్రికతో మొదలుపెట్టండి

ఈ పందేన్ని పెట్టింది క్రీడా సంఘం కాదు, లోతో అనే దినపత్రిక. అప్పట్లో ఫ్రాన్స్‌లో క్రీడావార్తలకు పేరున్న పత్రిక లె వేలో (వేలో అంటే సైకిల్). అది ఆకుపచ్చ కాగితం మీద అచ్చయ్యేది. దేశద్రోహం ఆరోపణపై శిక్షపడిన సైనికాధికారి డ్రేఫస్ వ్యవహారం ఫ్రాన్స్‌ను రెండుగా చీల్చిన రోజుల్లో దాని సంపాదకుడు పియేర్ జిఫార్‌కూ, ఆ పత్రికకు ప్రకటనలిచ్చే కొందరు పెద్ద తయారీదారులకూ చెడింది. మోటారు వాహనాలు తయారుచేసే కోంత్ ద దియాన్ వంటివారు విడిపోయి, 1900 అక్టోబరులో లోతో-వేలో అనే పోటీ పత్రికను ప్రారంభించి, ఒకప్పటి సైక్లిస్టు ఆన్రీ దెగ్రాంజ్‌ను సంపాదకుడిగా కూర్చోబెట్టారు. 1893లో గంటలో 35.325 కిలోమీటర్లు తొక్కి రికార్డు పెట్టినవాడు ఆయనే. కొత్త పత్రిక పసుపు కాగితం మీద వచ్చేది. పేరు తమ పేరుకు మరీ దగ్గరగా ఉందని లె వేలో కోర్టుకెక్కి గెలవడంతో, 1903 జనవరిలో అది లోతో అన్న కురచ పేరుతో సరిపెట్టుకోవలసి వచ్చింది. సైకిల్ అభిమానుల మీద ఆధారపడి బతికే పత్రికకు ఇది చిన్న దెబ్బ కాదు.

అప్పటికే పాఠకులు చాలక పత్రిక ఇబ్బంది పడుతోంది. 1902 నవంబరు 20న పారిస్‌లో జరిగిన ఒక మధ్యాహ్న భోజనంలో, దేశమంతా చుట్టివచ్చే పందెం పెడదామని జెయో లెఫెవ్ర్ అనే యువ విలేకరి దెగ్రాంజ్‌కు సూచించాడు. పారిస్ నుంచి బ్రెస్త్ వెళ్లి తిరిగొచ్చే పందెం, బోర్దో నుంచి పారిస్‌కు వచ్చే పందెం 1891 నుంచీ ఉన్నాయి గానీ అవన్నీ ఒకే విడతలో ముగిసేవి. వెలోడ్రోమ్‌లలో (గుండ్రటి సైకిల్ పందేల మైదానాల్లో) ఆరేసి రోజులు సాగే పందేలూ ఉండేవి. రోడ్డు పందేన్ని అనేక రోజుల పందెంతో కలపడమే లెఫెవ్ర్ ఆలోచన. పత్రికకు అందులో లాభం తేలిగ్గా అర్థమవుతుంది: ఒక్కరోజు పందెం ఒక్కరోజు వార్త, మూడు వారాల పందెం మూడు వారాల వార్త. ఖజానా చూసుకునే విక్తోర్ గొదే కూడా ఒప్పుకోవడంతో 1903 జనవరి 19న లోతో ఈ పందేన్ని ప్రకటించింది.

ఈ భాగం చదివేటప్పుడు ఒక కాగితం మీద రెండు వరుసలు రాసుకోండి. మొదటి వరుసలో తొలి ప్రకటన: జూన్ 1 నుంచి జులై 5 వరకు పందెం, ప్రవేశ రుసుము 20 ఫ్రాంకులు. దీనికి పేర్లిచ్చినవారు పదిహేను మంది దాటలేదు. రెండో వరుసలో సవరించిన ప్రకటన: జులై 1 నుంచి 19 వరకు పందెం, రుసుము 10 ఫ్రాంకులు, బహుమతుల మొత్తం 20,000 ఫ్రాంకులు, బహుమతి సొమ్ము పెద్దగా దక్కనివారిలో సగటున గంటకు 20 కిలోమీటర్ల వేగం నిలుపుకొన్న మొదటి యాభై మందికి రోజుకు 5 ఫ్రాంకుల భత్యం. ఆ అయిదు ఫ్రాంకులు అప్పటి ఫ్యాక్టరీ కార్మికుడి రోజుకూలికి దగ్గరగా ఉండే మొత్తం. ఈ రెండు వరుసలను పక్కపక్కన పెట్టి చూస్తే, బయలుదేరే చోటికి 60 మంది ఎలా వచ్చారో తెలుస్తుంది. పేరున్న రైడర్లు కొద్దిమందే. మిగతావారిలో చాలామంది కూలి పోకుండా అదృష్టం పరీక్షించుకోవచ్చన్న లెక్కతో వచ్చినవారు. తర్వాత పట్టికలో విజేతకూ చివరివాడికీ మధ్య కనిపించే అగాధానికి కారణాల్లో ఇది మొదటిది.

దూరాలను పటం మీద పెట్టండి

ఆరు దశలను ఈ వరుసలో గుర్తించండి. జులై 1న పారిస్ శివార్లలోని మోంజెరాన్ నుంచి లియోన్‌కు 467 కిలోమీటర్లు. 5న లియోన్ నుంచి మార్సేకు 374. 8న మార్సే నుంచి తులూజ్‌కు 423. 12న తులూజ్ నుంచి బోర్దోకు 268. 13న బోర్దో నుంచి నాంత్‌కు 425. 18న నాంత్ నుంచి తిరిగి పారిస్‌కు 471. కూడితే 2,428 కిలోమీటర్లు. మీరు చదువుతున్న పుస్తకంలో మొత్తం వేరుగా కనిపిస్తే ముందు ఈ ఆరు అంకెలనూ సరిచూడండి, తేడా ఏ దశలో ఉందో వెంటనే బయటపడుతుంది.

పటం మీద గీత గీస్తే దారి గడియారపు ముల్లు దిశలో తిరిగిందని కనిపిస్తుంది. పారిస్ నుంచి ఆగ్నేయానికి దిగి, రోన్ నది లోయ వెంట మధ్యధరా సముద్ర తీరానికి చేరి, అక్కడి నుంచి పడమటికి తిరిగి, అట్లాంటిక్ వైపున ఉత్తరానికి ఎక్కి, లోయిర్ నది వెంబడి పారిస్‌కు తిరిగొచ్చింది. ఈ గీతలో మీరు చూడవలసింది రెండు విషయాలు. దశ ముగిసిన ప్రతిచోటా ఒక పెద్ద నగరం ఉంది, అంటే పత్రిక అమ్ముడుపోగల చోటు ఉంది. రెండోది, పెద్ద పర్వతాలు లేవు. టూర్ పిరెనీస్ శిఖరాలకు ఎక్కింది 1910లో, ఆల్ప్స్‌లోని గాలిబియే కనుమకు వెళ్లింది 1911లో; 1903లో చెప్పుకోదగిన ఎక్కుడు సాంతెత్యెన్ పట్టణం దాటాక రెండో దశలో వచ్చే రెపుబ్లిక్ కనుమ, దాని ఎత్తు 1,161 మీటర్లు. కాబట్టి సమయాల తేడాలకు కొండలను కారణంగా చూపే వివరణలు ఎక్కడైనా కనిపిస్తే ఆగి ఆలోచించండి. ఈ పందెంలో రైడర్లను విడదీసింది ప్రధానంగా దూరం, నిద్రలేమి, రోడ్డు, పంక్చర్లు.

పటం మీద దశకో రంగు వాడితే మేలు, ఎందుకంటే ఆరింటి పొడవుల్లో ఎంత తేడా ఉందో అంకెల కంటే కంటికి బాగా తెలుస్తుంది. నాలుగో దశ మిగతావాటి ముందు పొట్టిగా కనిపిస్తుంది. 268 కిలోమీటర్లు ఇప్పటి టూర్‌లోని ఏ మామూలు దశ కంటేనైనా ఎక్కువే, అయినా ఆ పందెంలో అదే తేలిక రోజు.

గడియారాన్ని పక్కన పెట్టుకోండి

ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చేది ఇదే, తొందరపడి దాటేయకండి. పట్టికలో తొలి దశ విజేత సమయం 17 గంటల 45 నిమిషాల 13 సెకన్లు అని ఉంటుంది. ఆ అంకె ఒక్కటే చూస్తే ఎక్కువసేపు పట్టిందన్న అభిప్రాయం తప్ప మరేమీ కలగదు. దానికి బయలుదేరిన వేళను కలపండి. మోంజెరాన్‌లోని రెవెయ్ మతాన్ అనే కెఫే ముందు నుంచి రైడర్లు కదిలింది జులై 1 మధ్యాహ్నం 3 గంటల 16 నిమిషాలకు. కూడితే గారిన్ లియోన్ చేరింది మర్నాడు ఉదయం 9 గంటల ఒక నిమిషానికి. ఒక సాయంత్రం, ఒక రాత్రి మొత్తం, ఒక ఉదయం అతడు సైకిల్ మీదే ఉన్నాడన్నమాట.

ఇప్పుడు చీకటిని లెక్కలోకి తీసుకోండి. ఆనాటి ఫ్రాన్స్‌లో చట్టప్రకారం దేశమంతటా పారిస్ సమయమే నడిచేది, అందుచేత నగరానికీ నగరానికీ మధ్య సవరణలేవీ అక్కర్లేదు. వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరిపే పద్ధతి అక్కడ మొదలైంది 1916లో గనుక ఆ గొడవా లేదు. జులై మొదట్లో పారిస్ ప్రాంతంలో అప్పటి గడియారం ప్రకారం రాత్రి 8 దాటగానే సూర్యుడు అస్తమించి, తెల్లవారుజామున 4 గంటల ప్రాంతంలో ఉదయించేవాడు. 467 కిలోమీటర్లను 17.75 గంటలతో భాగిస్తే సగటు వేగం గంటకు 26.3 కిలోమీటర్లు. ఆ వేగంతో చూస్తే సూర్యాస్తమయానికి గారిన్ దాదాపు 125 కిలోమీటర్ల దగ్గర, సూర్యోదయానికి 335 కిలోమీటర్ల దగ్గర ఉండాలి. ఇది సగటు మీద వేసిన అంచనా మాత్రమే, ఏ గంటలో ఎంత వేగంగా వెళ్లాడన్నది అది చెప్పదు. అయినా పటం మీద ఆ రెండు చోట్లా చుక్కలు పెట్టి మధ్య భాగాన్ని నల్లగా నింపి చూడండి. నెవేర్, ములాన్ పట్టణాలు రెండూ ఆ నలుపులోనే పడతాయి. వీధిదీపాలు పట్టణాల లోపలే ఉండే కాలంలో, తారు ఎరుగని రోడ్ల మీద రెండు వందల కిలోమీటర్లకు పైగా చీకట్లో తొక్కిన పందెం ఇది.

ఆ చీకటి తెలిశాక నిబంధనలు కొత్తగా కనిపిస్తాయి. చీకట్లో ఎవరు ఎవరి వెనక తొక్కారో, ఎవరు రైలెక్కారో చూసేవాడు లేడు. అందుకే దారిలో కొన్ని చోట్ల రైడర్లు ఆగి సంతకం చేయవలసిన తనిఖీ కేంద్రాలు, మరికొన్ని చోట్ల ముందుగా చెప్పని రహస్య తనిఖీలు పెట్టారు. వీటన్నిటినీ చూసుకుంటూ తిరిగినవాడు లెఫెవ్ర్. కొంత దూరం సైకిల్ మీద, మిగతాది రైల్లో ప్రయాణిస్తూ, రైడర్ల కంటే ముందు తదుపరి కేంద్రానికి చేరడానికి అతడు పడ్డ పాట్లు పందెంలో భాగమే. న్యాయనిర్ణేత, సమయం చూసేవాడు, విలేకరి అన్నీ తానే. పందెం దెబ్బతింటుందేమోనన్న సందేహంతో దెగ్రాంజ్ బయలుదేరే చోటికే రాలేదు.

మిగతా దశలకూ ఇదే కూడిక చేయండి. చివరి దశ నాంత్‌లో 18వ తేదీ రాత్రి మొదలై, గారిన్‌కు 18 గంటలకు పైగా పట్టి, 19వ తేదీ మధ్యాహ్నం పారిస్ పక్కనున్న విల్ దావ్రేలో ముగిసింది. అక్కడి నుంచి రైడర్లు పార్క్ దె ప్రాన్స్ వెలోడ్రోమ్‌కు వెళ్లి దాదాపు ఇరవై వేల మంది ప్రేక్షకుల ముందు తిరిగారు. రాత్రి బయలుదేరి పగలు గమ్యం చేరే ఏర్పాటు వెనక ప్రేక్షకుల లెక్క ఉంది: ఆదివారం మధ్యాహ్నం జనం టికెట్ కొని కూర్చునేది వెలోడ్రోమ్‌లోనే. మీ క్యాలెండర్‌లో 1903 జులై 19 ఏ వారమో చూసుకోండి, ఆదివారమే వస్తుంది.

పోటీలో ఎవరున్నారో విడదీయండి

పట్టిక దగ్గరికి వచ్చేసరికి అందరినీ తికమకపెట్టే ప్రశ్న ఒకటుంది. రెండో దశనూ మూడో దశనూ గెలిచిన ఇపొలీత్ ఒకుత్యూరియే తుది పట్టికలో ఎక్కడా కనిపించడు. నాలుగో దశ గెలిచిన స్విట్జర్లాండ్ రైడర్ షార్ల్ లేజేర్ కూడా కనిపించడు. ఆరు దశల్లో మూడింటి విజేతలు తుది పట్టికలో లేకపోవడం అచ్చుతప్పు కాదు.

1903 నిబంధనల ప్రకారం ఒక దశను మధ్యలో వదిలేసినవాడు తర్వాతి దశలో మళ్లీ బయలుదేరవచ్చు. ఆ దశ బహుమతి గెలుచుకోవచ్చు గానీ మొత్తం సమయాల పోటీలో మాత్రం ఇక అతడు లేడు. ఒక్కో దశకు మాత్రమే పేరిచ్చి పాల్గొనే వీలు కూడా ఉండేది. ఇప్పటి టూర్‌లో ఒక దశ వదిలితే ఇంటికే. అందుకే ఈ నిబంధన తెలియకపోతే పట్టిక అర్థం కాదు. ఆ ఏడు పారిస్–రూబే అనే ఒక్కరోజు పందెం గెలిచి, ఫేవరెట్‌గా వచ్చిన ఒకుత్యూరియే తొలి దశలోనే కడుపునొప్పితో ఆగిపోయాడు. ఆ ఒక్క రాత్రితో అతడి టూర్ ముగిసింది, కానీ తర్వాతి రెండు దశల్లో అందరికంటే ముందు గమ్యం చేరాడు.

ఇక్కడ న్యాయానికి సంబంధించిన చిక్కు ఒకటి తలెత్తింది. మొత్తం సమయం కోసం జాగ్రత్తగా తొక్కుతున్నవాడూ, పోగొట్టుకోవడానికేమీ లేక ఒక్క దశ కోసం తెగించి తొక్కేవాడూ ఒకే గుంపులో ఉంటే, ఒకరు గాలిని చీల్చుకు పోతుంటే మరొకరు వెనక నీడలో హాయిగా రావచ్చు. దీన్ని అడ్డుకోవడానికి నాలుగో దశలో మొత్తం పోటీలో ఉన్నవారిని ముందు పంపి, దశ కోసం మాత్రమే తొక్కుతున్నవారిని గంట తర్వాత వదిలారు. మూడో దశ వదిలేసిన లేజేర్ ఈ రెండో గుంపులో ఉన్నాడు. బోర్దోలో నిలబడి చూసినవారికి ముందుగా కనిపించింది గారిన్ ఉన్న గుంపు; లేజేర్ ఆ తర్వాత వచ్చాడు. కానీ గంట ఆలస్యంగా బయలుదేరినవాడు 60 నిమిషాల లోపు తేడాతో వస్తే చాలు, గడియారం ప్రకారం అతడే ముందు. పట్టికలోని 8 గంటల 46 నిమిషాలు అలా వచ్చిన సమయం. టూర్‌లో దశ గెలిచిన తొలి ఫ్రాన్సేతరుడు అతడే.

కాబట్టి మీ కాగితం మీద ప్రతి దశకూ రెండు నిలువు వరుసలు గీసుకోండి: దశ విజేత ఒక వరుసలో, మొత్తం సమయంలో అప్పటికి ముందున్నవాడు మరో వరుసలో. మొదటి వరుసలో గారిన్, ఒకుత్యూరియే, ఒకుత్యూరియే, లేజేర్, గారిన్, గారిన్ అని వస్తుంది. రెండో వరుసలో ఆరుసార్లూ గారిన్ పేరే వస్తుంది. పట్టికలో దాగిన అసలు పందెం ఆ రెండో వరుసలో ఉంది, అయితే అక్కడ ఒకే పేరు ఉందని ఆసక్తి లేదనుకోకండి. తొలి దశలో గారిన్ వెనక 55 సెకన్ల తేడాతో వచ్చిన ఎమీల్ పజీ రెండో దశలో పడిపోయి తప్పుకున్నాడు. మూడో దశ ముగిసేసరికి రెండో స్థానంలో లియోన్ జోర్జే దాదాపు రెండు గంటల వెనక ఉన్నాడు. అయిదో దశలో పంక్చర్లతో విసిగి రోడ్డు పక్కన ఆగిన అతడు నిద్రలోకి జారుకొని దశ పూర్తి చేయలేదు. గారిన్ అందరినీ వెనక్కి నెట్టి గెలవడం ఎంత నిజమో, వెనక ఉన్నవారు ఒక్కొక్కరే రాలిపోవడం అంతే నిజం.

పేర్ల విషయంలోనూ కాస్త జాగ్రత్త కావాలి. తుది పట్టికలో ఇద్దరు ఫిషర్లున్నారు. అయిదో స్థానంలో వచ్చిన జాన్ ఫిషర్ ఫ్రెంచివాడు. పదిహేనో స్థానంలో ఉన్న యోసెఫ్ ఫిషర్ జర్మన్, 1896లో తొలి పారిస్–రూబే గెలిచినవాడు. బెల్జియం రైడర్ జూలియన్ లోతెన్స్ కొన్ని చోట్ల సామ్సన్ అన్న మారుపేరుతో కనిపిస్తాడు. గారిన్ విషయానికొస్తే, అతడు ఇటలీలోని అవోస్తా లోయలో 1871లో పుట్టి, కుటుంబంతో ఫ్రాన్స్‌కు వలసవచ్చి, పొగగొట్టాలు శుభ్రం చేసే పనిలో పెరిగినవాడు. 1903 నాటికి అతడికి ఫ్రెంచి పౌరసత్వం ఉంది. కొన్ని జాబితాల్లో అతడి పక్కన ఇటలీ జెండా కనిపిస్తే కంగారుపడనక్కరలేదు.

సమయాలను ఎంతవరకు నమ్మాలి

మొత్తం దూరాన్ని మొత్తం సమయంతో భాగిస్తే గారిన్ సగటు వేగం గంటకు 25.678 కిలోమీటర్లు వస్తుంది; ఈ అంకె మీకు చాలాచోట్ల కనిపిస్తుంది, పైన చెప్పిన లెక్కతో సరిపోతుంది కూడా. దశల వారీగా భాగించి చూస్తే ఇంకా ఎక్కువ తెలుస్తుంది. నాలుగో దశలో లేజేర్ సగటు 30 దాటింది. మూడో దశలో ఒకుత్యూరియేకు 423 కిలోమీటర్లకు 17 గంటల 55 నిమిషాలు పట్టింది, అంటే సగటు 23.6. తొలి దశ కంటే 44 కిలోమీటర్లు తక్కువ, సమయం మాత్రం పది నిమిషాలు ఎక్కువ. ఇలాంటి చోటు కనబడినప్పుడు పట్టికను పక్కన పెట్టి ఆ రోజుల వార్తలు తిరగేయాలి.

గారిన్‌కూ రెండో స్థానంలో వచ్చిన లూసియన్ పోతియేకూ మధ్య తేడా దాదాపు మూడు గంటలు. సెకన్ల దగ్గర పుస్తకానికీ పుస్తకానికీ తేడా కనిపిస్తుంది. అందులో ఏది సరైనదని తల బద్దలు కొట్టుకోవడం వల్ల ప్రయోజనం లేదు. చేత్తో పట్టుకునే గడియారాలతో, అర్ధరాత్రి సంతకాలతో లెక్కించిన పందెంలో సెకన్లకు అంత బరువు వేయకూడదు. మూడు గంటలన్నది మాత్రం గట్టిది. టూర్ చరిత్రలో మొదటి ఇద్దరి మధ్య అంత తేడా మళ్లీ రాలేదు. మూడో స్థానంలో ఫెర్నాన్ ఓజెరో నాలుగున్నర గంటల వెనక ఉన్నాడు. చివరిదైన 21వ స్థానంలో ఉన్న ఆర్సెన్ మిలోషో దాదాపు 65 గంటల వెనక. విజేతకు మొత్తం పందెం ముగించడానికి పట్టిన సమయంలో మూడింట రెండు వంతులు మిలోషో అదనంగా రోడ్డు మీద గడిపాడన్నమాట. దశకూ దశకూ మధ్య రెండు మూడు రోజుల విరామం ఎందుకు పెట్టారో ఈ అంకె చెబుతుంది: మిలోషో వంటివారు వచ్చి చేరి నిద్రపోవడానికి. నాలుగు, అయిదు దశల మధ్య మాత్రం ఆ వెసులుబాటు లేదు, తేదీలు చూడండి.

సైకిల్‌ను, సహాయాన్ని లెక్కలో ఉంచండి

ఇది క్లుప్తంగా చెప్పుకోవచ్చు. గేర్లు మార్చే యంత్రం ఆ సైకిళ్లకు లేదు. టూర్‌లో దాన్ని అనుమతించింది 1937లో. టైరు చిరిగినా చైను తెగినా రైడరే బాగుచేసుకోవాలి, అందుకే పాత ఫొటోల్లో భుజాల చుట్టూ మెలిపెట్టిన అదనపు టైర్లు కనిపిస్తాయి. ఆ రోజుల్లో దూర పందేల్లో ముందు సైకిల్ మీద గానీ మోటారు బండి మీద గానీ వెళుతూ గాలిని అడ్డే పేసర్లను పెట్టుకోవడం మామూలే. ఈ పందెంలో దాన్ని నిషేధించారు. జట్లు లేవు, కొందరికి సైకిల్ కంపెనీల మద్దతు ఉన్నా, పట్టికలో ఎవరి సమయం వారిదే. గారిన్ సైకిల్ లా ఫ్రాన్సేజ్ కంపెనీది. ముందున్నవాడికి పసుపు జెర్సీ ఇవ్వడం 1919లో మొదలైంది. 1903లో గారిన్ పసుపు జెర్సీ తొడిగినట్టు ఎవరైనా రాస్తే, ఆ రచయిత రాసిన మిగతా విషయాలనూ ఒకసారి సరిచూసుకోవడం మంచిది.

కథలను వార్తలతో పోల్చండి

ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం తన డిజిటల్ భాండాగారం గాలికాలో లోతో పాత సంచికలను ఎవరైనా చూసేలా ఉంచింది. ఫ్రెంచి పెద్దగా రాకపోయినా పట్టణాల పేర్లు, అంకెలు, రైడర్ల పేర్లు గుర్తుపట్టవచ్చు. సంచిక వెతికేటప్పుడు మీరు ముందే వేసుకున్న గడియారపు లెక్క పనికొస్తుంది. గారిన్ లియోన్ చేరింది జులై 2 ఉదయం తొమ్మిదికి గనుక, ఆ ఉదయమే అచ్చయి బయటికొచ్చిన పత్రికలో తొలి దశ ఫలితం ఉండే వీలు లేదు. 2వ తేదీ సంచికలో రాత్రి తనిఖీ కేంద్రాల నుంచి తంతి ద్వారా అందిన ముక్కలు వెతకండి, పూర్తి వృత్తాంతం కోసం 3వ తేదీ సంచిక తీయండి.

చదివేటప్పుడు ఒక సంగతి మరచిపోకూడదు: ఆ వార్త రాసిన పత్రికే పందెం యజమాని. పందెం బాగా జరిగిందని చెప్పడం దాని వ్యాపారం. ఆ వ్యాపారం ఫలించింది కూడా. పాతిక వేల ప్రతుల దగ్గరున్న లోతో అమ్మకం పందెం తర్వాత 65 వేలకు పెరిగినట్టు చెబుతారు. లె వేలో 1904లో మూతపడింది. గారిన్‌కు మొత్తం 6,075 ఫ్రాంకులు దక్కాయి, అందులో మొదటి బహుమతి 3,000. ఈ వార్తల్లో రైడర్ల కష్టానికి పెద్ద పెద్ద విశేషణాలు ఉంటాయి, రైడర్ల ఫిర్యాదులకు చోటు తక్కువ. అయిదో దశలో గారిన్, పోతియేలు కలిసి తనను కావాలని పడగొట్టారని ఓజెరో ఆరోపించిన సంగతి తర్వాతి పుస్తకాల్లో తరచు వస్తుంది. దాన్ని ఆరోపణగానే రాసుకోండి, జరిగిన సంగతిగా కాదు.

ఇదే పద్ధతిని తర్వాతి ఏళ్లకు వాడేటప్పుడు

1904 పట్టిక చేతికి తీసుకుంటే దారి దాదాపు అదే, దశలు ఆరే, కానీ ఈసారి ఏ తేదీ నాటి పట్టిక చూస్తున్నారో ముందు తెలుసుకోవాలి. జులైలో పందెం ముగిసినప్పుడు మొదటి స్థానం మళ్లీ గారిన్‌ది, రెండోది పోతియేది, మూడోది గారిన్ తమ్ముడు సెజార్‌ది, నాలుగోది ఒకుత్యూరియేది. చీకట్లో ఏం జరిగిందన్న ప్రశ్న ఆ ఏడు పెద్దదైంది. సాంతెత్యెన్ దగ్గర కనుమ మీద ఆంతువాన్ ఫోర్ అనే స్థానిక రైడర్ అభిమానులు రాత్రివేళ దారికాచి మిగతావారి మీద దాడి చేశారు; నీమ్ పట్టణంలోనూ గొడవ జరిగింది; రైలెక్కారనీ, కార్ల సాయం తీసుకున్నారనీ ఆరోపణలు వచ్చాయి. డిసెంబరులో ఫ్రాన్స్ సైక్లింగ్ సమాఖ్య మొదటి నలుగురినీ అనర్హులుగా ప్రకటించడంతో అయిదో స్థానంలో ఉన్న ఆన్రీ కోర్నే విజేత అయ్యాడు. అప్పటికి అతడి వయసు ఇరవై. పందెం తొక్కినప్పుడు 19. అతడి కంటే చిన్నవాడు ఇప్పటివరకు టూర్ గెలవలేదు.

1905 పట్టికకు వచ్చేసరికి గడియారపు లెక్క పక్కకు పోతుంది. దశలు పదకొండుకు పెరిగి పొడవు తగ్గాయి, రాత్రి తొక్కుడు తగ్గింది, సమయాలకు బదులు ప్రధానంగా స్థానాలను బట్టి పాయింట్లు లెక్కించారు. ఎవరికి తక్కువ పాయింట్లుంటే వారే విజేత. ఒక రాత్రి మోసంతో సంపాదించిన గంట ఆధిక్యానికి ఈ పద్ధతిలో కొద్ది పాయింట్లకు మించి విలువ ఉండదు, దెగ్రాంజ్ దీన్ని ఎంచుకోవడానికి అది బలమైన కారణం. 1912 వరకు ఇదే కొనసాగి, 1913లో మళ్లీ సమయాల లెక్క వచ్చింది. ఆ మధ్య సంవత్సరాల పట్టికల్లో ఇద్దరి మధ్య గంటల తేడా వెతకకండి, పాయింట్లు మాత్రమే చూడండి.

ఇటలీలో గాజెత్తా దెల్లో స్పోర్త్ పత్రిక 1909 మేలో జీరో ద ఇటాలియా అనే సైకిల్ పందెం ప్రారంభించినప్పుడు కూడా పాయింట్ల పద్ధతినే ఎంచుకుంది. మిలాన్ నుంచి బయలుదేరి ఎనిమిది దశల్లో 2,448 కిలోమీటర్లు. 127 మంది మొదలుపెట్టి 49 మంది ముగించారు. పై వరుసలో పత్రిక, పటం, గడియారం, నిబంధనలు దాటి పట్టిక దగ్గరికి వస్తే లుయీజీ గాన్నా 25 పాయింట్లతో మొదటి స్థానంలో, కార్లో గాలెత్తి 27తో రెండో స్థానంలో, జోవాన్ని రోసిన్యోలి 40తో మూడో స్థానంలో కనిపిస్తారు. ఆ ముగ్గురి సమయాలను దశల వారీగా కూడి చూడండి: అందరికంటే తక్కువ సమయం రోసిన్యోలిదే.